మూడు నిమిషాల నలభై సెకన్ల నిశ్శబ్దం

మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో, రెండు కార్ల గరాజూ ఒక బేస్‌మెంటూ గల ఇంట్లో, ఈశ్వరయ్య అనే నలభై అయిదేళ్ళ గృహస్థు కాపురం ఉంటున్నాడు. అది తాతగారి పేరు. ఆయన కొత్తగూడెం బొగ్గుబావుల్లో పనిచేసి, బొగ్గు తప్ప మరే మచ్చా అంటకుండా ఆ పేరుని మనవడికి అప్పజెప్పి వెళ్ళాడు. మనవడు దాన్ని పట్టుకెళ్ళి ఇంగ్లండులో ఒక రాక్ బ్యాండుకి తగిలించాడు.

ఈశ్వరయ్య ఉద్యోగం కొత్త కార్లలో వచ్చే కిర్రు చప్పుళ్ళని వెతికి పట్టుకోవడం. డాష్‌బోర్డు వెనక ఒక మర కాస్త వదులైతే చాలు, అతని చెవికి అది పిల్లి తోక తొక్కినట్టు వినిపిస్తుంది. దొరికేదాకా నిద్రపోడు. బంధువుల కార్లలో కూడా వెనక సీట్లో ఒంగి వెతుకుతాడు కాబట్టి అతనికి లిఫ్ట్ ఇవ్వడానికి చాలామంది వెనకాడతారు. ఇలా పగలంతా శబ్దాన్ని తీసేసి జీతం తెచ్చుకునే మనిషి, సాయంత్రం ఆరు దాటాక బేస్‌మెంటులోకి దిగి గిటారు తగిలించుకుని శబ్దం చేస్తాడు.

అతనికి ఉన్న బాధల్లా ఒకటే. జీవితంలో ఒక్క పాటైనా వేదిక మీద మొదలుపెట్టి ముగించలేదు. మొదలుపెట్టాడు. ముగించలేదు.

ఆ వృత్తాంతం లీడ్స్ నగరానిది. 2004లో ఎమ్మెస్సీ చదవడానికి అతను అక్కడికి చేరేటప్పటికి ఇంగ్లండుకి గిటారు పూనకం పట్టి ఉంది. గిటారు బ్యాండ్ల పని అయిపోయిందని పెద్దలు సంతాపం ప్రకటించిన కొన్నాళ్ళకే ఆ శవం లేచి కూచుని తీగలు సవరించుకుంది. ఏ పబ్బు వెనక గదిలో చూసినా నలుగురు బక్క కుర్రాళ్ళు, కాళ్ళకి అతుక్కుపోయిన ప్యాంట్లు, సన్నటి టైలు, దువ్వెన మొహం చూడని జుట్టు. వారానికో బ్యాండు దేశాన్ని ఉద్ధరించబోతోందని పత్రికలు రాసేవి. మరుసటి వారం ఆ బాధ్యతని ఇంకో బ్యాండుకి బదిలీ చేసేవి.

ఈశ్వరయ్య అద్దెకున్న ఇంట్లో మిగతా ముగ్గురూ కలిసి ఒక బ్యాండు. వాళ్ళ దగ్గర ఉత్సాహం దండిగా ఉంది గాని ఆంప్లిఫయర్ చెడిపోయి ఉంది. ఈశ్వరయ్య దగ్గర సోల్డరింగ్ ఐరన్ ఉంది. అలా పొత్తు కుదిరింది. బాగుచేసినందుకు గిటారు మీద వేళ్ళ పట్లు ఒక నాలుగు నేర్పారు. ఆ రోజుల్లో అయిదోది ఎవరూ అడిగేవారు కాదు.

బ్యాండు పేరు తేల్చడానికి ఏడు నెలలు పట్టింది. పాటలు కట్టడానికి ఇంకో తొమ్మిది. తీరా వేదిక దొరికేసరికి, గిటార్ల గాలి వెళ్ళిపోయిందనీ ఇకమీదట అంతా కంప్యూటర్ దరువులేననీ పత్రికలు తేల్చేశాయి. పెళ్ళిభోజనాల్లో ఆఖరి బంతికి కూచున్నవాళ్ళ గతి పట్టింది వాళ్ళకి. విస్తరి వేశారు, వడ్డించేవాళ్ళు మాత్రం చేతులు కడుక్కుంటున్నారు.

అయినా ఒక గురువారం వేదిక ఎక్కారు. శ్రోతలు పందొమ్మిది మంది. మొదటి పాట, ఎంతకీ రాని బస్సు గురించి. రెండో చరణం సగంలో ఫ్యూజు పోయింది. చీకట్లో ముగ్గురు తెల్లవాళ్ళూ ఒక్కసారిగా ఈశ్వరయ్య వైపు తిరిగారు. అతను గిటారు దించి, అగ్గిపెట్టె పట్టుకుని నేలమాళిగలోకి దిగాడు. లోపం వెతికి, సరిచేసి, పైకొచ్చేసరికి ఇరవై నిమిషాలైంది. పబ్బు మూసే గంట కొట్టేశారు. కోటు తొడుక్కుంటున్న ఒక పెద్దాయన, “ఇంతవరకూ బాగుంది నాయనా” అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండా బ్యాండు విడిపోయింది. డ్రమ్ములవాడు మునిసిపాలిటీలో చేరాడు. పాడేవాడు గడ్డం పెంచి జానపదాల్లోకి దిగాడు. ఈశ్వరయ్య హెచ్‌వన్‌బీ మీద మిషిగన్ వచ్చాడు, నళినిని పెళ్ళి చేసుకున్నాడు, ఇల్లు కొన్నాడు. “ఇంతవరకూ బాగుంది” అన్న మాట మాత్రం ఇరవై ఏళ్ళుగా చెవిలో కిర్రుమంటూనే ఉంది. ఆ ఒక్క మర ఎక్కడ వదులైందో అతనికి తెలుసు. బిగించే వీలే చిక్కలేదు.

కిందటేడు అతనికి ఇద్దరు దొరికారు. ఒకరు శ్యామ్‌సుందర్, నరసరావుపేట మనిషి, పక్క వీధి, వృత్తిరీత్యా ప్రాజెక్ట్ మేనేజరు. ఎన్నడో కాలేజీలో బేస్ గిటారు వాయించాడు. రెండోది మనీషా, ఇక్కడే పుట్టి పెరిగిన ఇరవయ్యేడేళ్ళ ఫిజికల్ థెరపిస్టు. తల్లిదండ్రులు తొమ్మిదేళ్ళు మృదంగం నేర్పిస్తే ఆ విద్య మొత్తం డ్రమ్ముల మీదికి మళ్ళించింది. ముగ్గురిలో వాయించడం వచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

ప్రాక్టీసు శనివారాలు. మొదటి పదినిమిషాలూ శ్యామ్‌సుందర్ కిందటి వారం తీర్మానాలు చదివేవాడు.

“యాక్షన్ ఐటమ్ నంబర్ టూ, ఈశ్వరయ్యగారు రెండో చరణంలో పరిగెత్తకూడదు. స్టేటస్ ఏంటండీ?”

“పరిగెత్తట్లేదయ్యా. ఆవేశం అది.”

“అంకుల్, మీరు ఫాస్ట్ వెళ్తున్నారు. ఎవ్రీ టైమ్, ఆ సేమ్ ప్లేస్‌లో,” అంది మనీషా పుల్లలు తిప్పుతూ. “సంబడీ మిమ్మల్ని తరుముతున్నట్టు. నేను కౌంట్ చేస్తా, మీరు జస్ట్ ఫాలో అవ్వు.”

మెట్ల మీంచి నళిని గొంతు దిగేది. “ఏమండీ, ఇంకా అవలేదా ఆ పాట? ఇరవై ఏళ్ళయింది. ఆ బస్సేదో మనమే కొనిచ్చేద్దాం వాళ్ళకి!”

ఆర్నెల్లు తిరిగేసరికి మనీషా లెక్క ప్రకారం పాట సరిగ్గా మూడు నిమిషాల నలభై సెకన్లకి వచ్చి నిలిచింది. అటు సెకను లేదు, ఇటు సెకను లేదు. ఇక వేదిక కావాలి. ఆ చుట్టుపక్కల తెలుగువాడికి వేదిక అంటే ఒక్కటే, తెలుగు సంఘం వారి ఉగాది. హైస్కూలు ఆడిటోరియం, ఆరు వందల మంది, బయట ఏప్రిల్ మంచు.

సంఘానికి సాంస్కృతిక కార్యదర్శి అనూరాధగారు. పూర్వం హైదరాబాదులో లెక్చరరు. ఇప్పుడు డెబ్భై ఎనిమిది ఐటమ్‌లని ఆరు గంటల్లో ఇరికించే పనిలో ఉన్నారు.

“ఇంగ్లీషు పాట కుదరదండీ,” అన్నారు ఫోన్లో.

“తెలుగులోకి మార్చానండీ. ‘మూసిన కొట్ల వీధిలో మూడు గొడుగులం మేం. బస్సు రాలేదు, రాలేదు’ అనొస్తుంది.”

“సంవత్సరాది పూట రాలేదు రాలేదు అని అరుస్తారా?”

“అది పాట సారమండీ. నిరీక్షణ.”

“అపశకునం. ‘వచ్చింది’ అనండి.”

“బస్సొచ్చేస్తే ఎక్కేస్తారు కదండీ! ఇక పాటెందుకు?”

వారం రోజులు రాయబారాలు నడిచాయి. శ్యామ్‌సుందర్ మధ్యవర్తిగా ఉండి “వస్తుంది” దగ్గర సంధి కుదిర్చాడు. ఈశ్వరయ్య సంతకం పెట్టినంత బరువుగా ఒప్పుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా రాని బస్సు ఇప్పుడు వస్తుందట, సరే, రానీ.

అసలు గండం ఫారం రూపంలో వచ్చింది. పాల్గొనేవాళ్ళంతా ఆన్‌లైన్‌లో ఫారం నింపాలి. అందులో రకాలు నాలుగు. డాన్స్, పాట, నాటిక, ఫ్యాన్సీ డ్రెస్. పాటకి రెండు నిమిషాలే. డాన్స్‌కి నాలుగు.

“డాన్స్ దగ్గర టిక్కు కొట్టేద్దామండీ,” అన్నాడు శ్యామ్‌సుందర్. “మనకి కావలసింది స్లాట్. టైటిల్లో ఏముంటే ఏంటి?”

“డాన్స్ చెయ్యం కదయ్యా?”

“మీ రెండో చరణం చూసినవాళ్ళు అలా అనరు.”

డాన్స్ దగ్గర టిక్కు కొట్టారు. దాని కింద ఎర్రచుక్కతో ఇంకో గడి, ‘ట్రాక్ అప్‌లోడ్ చేయండి, తప్పనిసరి’ అని. అమెరికా తెలుగు వేదికల ధర్మమే అది. డాన్సయినా పాటయినా వెనకాల రికార్డయిన ట్రాక్ మోగాల్సిందే. వాద్యాలు మోసుకొచ్చి అక్కడికక్కడ వాయించేవాడు ఒకడుంటాడని ఆ ఫారం తయారుచేసినవాళ్ళకి తట్టలేదు. ఈశ్వరయ్య ఉడికిపోయి రఘుకి ఫోన్ చేశాడు. రఘు పగలు డేటాబేస్ అడ్మిన్, వారాంతాల్లో ఆ చుట్టుపక్కల తెలుగువారి శుభకార్యాలన్నిటికీ సౌండు.

“లైవ్ అంటే లైవే తమ్ముడూ. ట్రాక్ ఉండదు.”

“ట్రాక్ లేకపోతే ఎట్లన్నా?” అన్నాడు రఘు నిదానంగా. “ట్రాక్ లేకుంటే నేనేం ప్లే చెయ్యాలె?”

“నువ్వేం ప్లే చెయ్యొద్దు. మేం చేస్తాం.”

“సిస్టమ్ ఒప్పుకోదన్నా. డాన్స్ ఐటమైతే నేను ప్లే కొట్టంగనే స్టేజీ లైన్లన్నీ మ్యూట్ అయితయి. ట్రాక్ అయిపోంగనే వాటంతటవే తెరుచుకుంటయి. పిల్లలు మైకు తన్ని కుయ్యిమనిపిస్తున్నరని నేనే రాసిన ఆ ప్రోగ్రాం. మీ ఐటమ్ డాన్సా?”

“బ్యాండయ్యా, బ్యాండు!”

“ఓకే ఓకే. ఏదో ఒక ఫైలు పంపు. అక్కడ చూస్కుందాం. సౌండ్ చెక్ పదింటికి.”

ఇంత స్పష్టంగా చెప్పినమాట ఎవరి బుర్రకైనా ఎక్కాలి. కాని ఈశ్వరయ్య అప్పటికి చిరాకులో ఉన్నాడు. చిరాకులో ఉన్నవాడికి పౌరుషం వినిపించినంత బాగా వివరం వినిపించదు. అతను కంప్యూటర్ ముందు కూచుని, తన పాట నిడివికి సరిగ్గా సరిపోయేట్టు, మూడు నిమిషాల నలభై సెకన్ల శుద్ధ నిశ్శబ్దాన్ని రికార్డు చేశాడు. ఆ పని చెయ్యడానికి ఫ్రిజ్ ఆపాడు, హీటర్ ఆపాడు, గోడగడియారం సోఫా కుషన్ల కింద పెట్టాడు. ఆ ఫైలుని అప్‌లోడ్ చేసి, సంఘం మొహాన కొట్టినంత తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలాడు.

“హీటర్ ఎవరాపారు?” అంది నళిని దుప్పటి కప్పుకొని వచ్చి. కారణం విన్నాక, “అయితే రికార్డు చెయ్యడానికి ఏమీ లేనిదాన్ని రికార్డు చెయ్యడానికి నన్ను గడ్డకట్టించారన్నమాట,” అంది.

ఉగాది వచ్చింది. సౌండ్ చెక్ పదింటికన్నారు. స్కూలువాళ్ళు తాళం తీసింది పదకొండున్నరకి. తియ్యగానే ఆరు వందలమందికి పచ్చడి కప్పులు సర్దాలన్నారు. ఈశ్వరయ్య ఆంప్లిఫయర్ చేతపట్టుకుని రఘు చుట్టూ ప్రదక్షిణలు చేశాడు. “ఆ డబ్బా వద్దన్నా, గిటార్లు సీదా నా లైన్లకే పెట్టుండ్రి. చెక్ ఏముంది, మీ ట్రాక్ వచ్చిందిగా!” అంటూ రఘు వైర్లలో మాయమయ్యాడు.

పంచాంగ శ్రవణం పన్నెండు రాశులకీ జరిగింది. వృశ్చికానికి వచ్చేసరికి పంతులుగారు మైకులోకి, “రాజపూజ్యం ఒకటి, అవమానం ఆరు” అని చదివారు. నళిని పక్కకి తిరిగి భర్త వంక చూసింది. ఆయనది వృశ్చికమే.

“ఆరూ ఇవాళే అయిపోతే మంచిదేగా,” అంది ఓదార్పుగా. “మిగతా ఏడాదంతా హాయి.”

తర్వాత సత్కారాలు. సంఘం మాజీ అధ్యక్షులు ఏడుగురు, శాలువాలు ఏడు. ఒక్కొక్కరు “రెండే ముక్కలు” అని మొదలుపెట్టారు. నాలుగింటి ఐటమ్ ఆరున్నరైనా రాలేదు. అనూరాధగారు తెర వెనక్కి వచ్చి, గడియారం చూసి, ఈశ్వరయ్యని చూసి, “మీది రెండో చరణం తీసెయ్యగలరా?” అన్నారు.

అతని మొహం చూసి ఆవిడే, “సరేలెండి,” అని వెళ్ళిపోయారు.

“నెక్స్ట్ మన ముందుకి వస్తున్నది,” అని యాంకరు చదివింది, “ఈశ్వరయ్య అంకుల్ అండ్ గ్రూప్... డాన్స్!”

ముగ్గురూ వేదిక ఎక్కారు. మనీషా పుల్లలు ఎత్తి నాలుగు కొట్టింది. ఈశ్వరయ్య గిటారు మీద చెయ్యి వేశాడు. ఆరు వందలమంది ముందు ఇరవై ఏళ్ళుగా దాచుకున్న ఆ మొదటి మోత.

ఏమీ వినపడలేదు.

డ్రమ్ములు మోగుతున్నాయి. అవి ఏ వైరు సాయమూ లేకుండా మోగే వస్తువులు. గిటారు మాత్రం దోమ పాడినట్టు సన్నగా మూలుగుతోంది. శ్యామ్‌సుందర్ తీగలు అదురుతున్నాయి గాని నాదం లేదు. మైకు మైకు ఆకారంలో ఉన్న కర్ర. హాలు చివర లాప్‌టాప్ ముందు రఘు నిలబడి, రెండు చెవులూ చేతులతో చూపిస్తూ అరుస్తున్నాడు. “అన్నా! మీ ట్రాక్‌ల సౌండే లేదన్నా!”

అప్పుడర్థమైంది ఈశ్వరయ్యకి. తను పంపిన నిశ్శబ్దాన్ని రఘు నిష్ఠగా ప్లే చేస్తున్నాడు. డాన్సని రాశారు కాబట్టి ప్రోగ్రాం స్టేజీ నోరు నొక్కేసింది. ఒక తప్పు శ్యామ్‌సుందర్ తెలివిది, ఒకటి తన పౌరుషానిది. రెండూ కలిసి పెళ్ళి చేసుకుని వేదిక మీదే కాపురం పెట్టాయి.

అతని ఎడమకాలు కదిలింది. లోపం ఎక్కడుందో తెలుసు. దిగి, నడవాలో పరిగెత్తి, ఆ లాప్‌టాప్ మీద ఒక్క బటన్ నొక్కితే చాలు. ఇరవై ఏళ్ళ ఉద్యోగధర్మం, అంతకు ముందు లీడ్స్ నేలమాళిగ, అన్నీ కలిసి వెన్ను మీద చెయ్యి వేసి నెడుతున్నాయి, దిగు దిగు అని.

“దిగి చూసొస్తారా?” అన్నాడు శ్యామ్‌సుందర్ తీగలు మీటుతూనే.

“చస్తే దిగను,” అన్నాడు ఈశ్వరయ్య.

దిగితే మళ్ళీ “ఇంతవరకూ బాగుంది” దగ్గరే ఆగిపోతుంది. అతను మైకుని పక్కకి నెట్టి, అందినంత మేర వైరు లాగి, వేదిక అంచుకి వచ్చి నిలబడ్డాడు. గొంతెత్తి పాడటం మొదలుపెట్టాడు. ఆ గొంతు గొప్పదేం కాదు. బేస్‌మెంటులో హీటరుతో పోటీపడి పెరిగిన గొంతు. మనీషా చూసింది. పుల్లలు ఒళ్ళో పడేసి, డ్రమ్ము మీద ఉత్త చేతివేళ్ళతో, మృదంగం నాటి తొమ్మిదేళ్ళనీ వెనక్కి పిలిచి, మెల్లగా దరువు వేసింది.

మొదటి వరసలో శాలువాలు కప్పుకున్న మాజీ అధ్యక్షులకి వినిపించింది. మూడో వరస దాకా కొంత వినిపించింది. ఆ వెనక వాళ్ళు మాత్రం భోజనాలు మొదలయ్యాయా అని ఒకరినొకరు అడుగుతున్నారు. ఒకావిడ తన పక్కావిడతో, “మూగ నాటికలాగుంది, సందేశం ఉంటుంది చూడు,” అంది. అయిదో వరసలో నళిని మాత్రం చేతులు కట్టుకుని కూచుంది. కట్టుకున్న చేతి మీద ఒక వేలు లెక్క తప్పకుండా దరువు వేస్తోంది. ఇరవై ఏళ్ళ పాట, ఆవిడకి రాకేం?

రెండో చరణం వచ్చింది. ఎవరో తరుముతున్నట్టు కాళ్ళు తొందరపడ్డాయి. “అంకుల్,” అంది మనీషా వెనకనించి, హెచ్చరికగా. అతను ఆగి ఆమె వేళ్ళ వెంట నడిచాడు. లీడ్స్‌లో ఫ్యూజు పోయిన మాట దాటాడు. ఆ తర్వాతి మాటని ఏ వేదిక మీదా అతను అనలేదు. అన్నాడు. దాని తర్వాతిది కూడా.

ఇక మిగిలింది చివరి పంక్తి. సరిగ్గా అక్కడికి, హాలు చివర లాప్‌టాప్‌లో మూడు నిమిషాల నలభై సెకన్ల నిశ్శబ్దం, హీటరు ఆపి మరీ చేసిన ఆ నిశ్శబ్దం, మనీషా నాలుగు కొట్టకముందే రఘు నొక్కేశాడు కాబట్టి, పాట ఇంకొక్క క్షణం ఉందనగా పూర్తయింది. రఘు ప్రోగ్రాం ధర్మం తప్పలేదు. ట్రాక్ అయిపోయింది కాబట్టి స్టేజీ లైన్లన్నిటినీ ఒక్కసారిగా తెరిచింది. మనీషా పుల్లలందుకుంది. ఈశ్వరయ్య చెయ్యి ఆఖరి మోత మీద పడింది.

అది ఆకాశం విరిగినట్టు దిగింది. ఆరు వందలమంది కుర్చీల్లోంచి లేచారు. పచ్చడి కప్పులు దొర్లాయి. నిద్రపోతున్న పెద్దాయన ఒకడు లేచి జనగణమనకనుకుని నిటారుగా నిలబడ్డాడు. పక్కన దూరంగా నెట్టిన మైకులోంచి, అరిచి అరిచి అరిగిపోయిన గొంతుతో, ఒకే ఒక్క మాట హాలంతా వినిపించింది.

“వస్తుంది!”

అయిపోయింది.

చప్పట్లు బ్రహ్మాండంగా మోగాయి. సగం ఉలిక్కిపాటు, సగం ఉపశమనం. తెర వెనక అనూరాధగారు గడియారం చూసుకుని, “సరిగ్గా టైముకి ముగించింది మీరొక్కరేనండీ ఇవాళ,” అని మిగిలిపోయిన శాలువా ఒకటి అతని భుజం మీద పడేశారు. రాజపూజ్యం ఖర్చయిపోయింది.

భోజనాల వరసలో అవమానాలు ఒకటొకటిగా వచ్చాయి. ఒకాయన, “డాన్స్ కొంచెం తగ్గిందండీ,” అన్నాడు. ఇంకొకాయన సందేశం అర్థం కాలేదన్నాడు. చివరికి రఘు పులిహోర ప్లేటుతో వచ్చాడు.

“సారీ అన్నా, మీ ఫైలు ఖరాబున్నది. మొత్తం బ్లాంక్, లాస్టుల ఒక్క సెకన్ పనిచేసింది. కానీ ఆ ఒక్క సెకన్ క్వాలిటీ ఏమున్నదన్నా! ఏ వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసినవ్?”

ఈశ్వరయ్య శాలువా భుజం మీదికి సర్దుకున్నాడు. “నీకు ఫార్వర్డ్ చేస్తాలే తమ్ముడూ,” అన్నాడు.

ఇంటికి వెళ్తుంటే వెనక సీట్లో పడేసిన ఆంప్లిఫయర్ తలుపుకి తగిలి టకటకమంటోంది. నళిని కారు నడుపుతోంది. ఎప్పట్లా అతను బెల్టు విప్పుకుని వెనక్కి ఒంగుతాడని కాసేపు చూసింది. శాలువా కప్పుకుని అలాగే కూచున్నాడు.

“ఏమండీ, టకటక వినిపించట్లేదా?”

“వినిపిస్తోంది.”

“మరి?”

“ఉండనీ.”

ఆవిడ ఎర్రదీపం దగ్గర బండి ఆపి, అతని వైపు తిరిగి, అలవాటైన ప్రశ్న అలవాటైన గొంతుతోనే అడిగింది. “అయిందా ఆ పాట?”

“అయింది.”

“హమ్మయ్య,” అంది నళిని. దీపం పచ్చబడింది. పావుమైలు వెళ్ళాక, “రెండో చరణంలో కొంచెం పరిగెత్తారు,” అంది.